పట్టుపురుగు ఇంటికి ఏ కప్పు?

ఏప్రిల్ నెల. మిట్టమధ్యాహ్నం. మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం వెళ్లే దారి. రోడ్డుకు అటూ ఇటూ టొమేటో తోటలు, మల్బరీ తోటలు. ఒక మల్బరీ తోట పక్కన పొడవాటి షెడ్డు కనబడుతుంది. కిటికీలకు సన్నని వల కట్టి వుంటుంది. కప్పు మీద తడిపిన గోనెపట్టాలు పరిచి వుంటాయి. ఇంటి ఇల్లాలు బిందెతో నీళ్లు తెచ్చి వాటిని మళ్లీ తడుపుతూ వుంటుంది. గంట క్రితం తడిపినవే, అప్పుడే ఆరిపోయాయి!

చిత్రమేమిటంటే, పక్కనే వున్న ఆమె ఇల్లు కూడా రేకుల ఇల్లే. దాని మీద గోనెపట్టాలు లేవు. ఎందుకమ్మా అని అడిగితే, "మేము చెట్టు కిందకు పోయి కూర్చుంటాం. పురుగులు పోలేవు కదా!" అంటారు ఆ వైపు ఆడవాళ్లు. ఆ మాటలో ఎంతో విజ్ఞానం వుంది. అదేమిటో చూద్దాం.

ఎవరి కోసం ఈ ఇల్లు?

షెడ్డులో కాపురం వుండేది పట్టుపురుగు. మనిషి శరీరం బయట ఎండగా వున్నా చలిగా వున్నా తన వేడిని సుమారు 37 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గరే నిలుపుకుంటుంది. పట్టుపురుగుకు ఆ శక్తి లేదు. గది ఎంత వేడిగా వుంటే దాని ఒళ్లూ దాదాపు అంతే వేడి. మనలాగా చెమట పట్టించుకుని చల్లబడటం కూడా దానికి రాదు.

గుడ్డు నుంచి బయటపడిన పిల్లపురుగులకు 26 నుంచి 28 డిగ్రీల వేడి, 80 నుంచి 90 శాతం తేమ కావాలి. దీన్నే చాకీ దశ అంటారు. పెద్దవైన తరువాత 24, 25 డిగ్రీలు, 70 శాతం తేమ చాలు. సుమారు నాలుగు వారాల జీవితంలో పురుగు నాలుగుసార్లు చర్మం విడుస్తుంది. ఆ సమయంలో మేత మాని కదలకుండా వుంటుంది కనుక రైతులు దాన్ని 'జ్వరం' అంటారు. నాలుగో జ్వరం దాటాక పురుగుకు తీరని ఆకలి! జీవితమంతా తినే ఆకులో 80 శాతానికి పైగా ఈ చివరి వారంలోనే తింటుంది. పుట్టినప్పటి బరువుకు సుమారు పదివేల రెట్లు పెరుగుతుంది.

ఇక్కడే వుంది చిక్కు. ఈ చివరి వారంలో షెడ్డు 32, 33 డిగ్రీలకు చేరిందనుకోండి. కోసి తెచ్చిన ఆకు వాడిపోతుంది. వాడిన ఆకును పురుగు ముట్టదు. దాని జీర్ణశక్తి దెబ్బతింటుంది. రోగక్రిములు విజృంభిస్తాయి. ఎక్కువ పట్టు ఇచ్చే బైవోల్టైన్ రకాలు మరీ సుకుమారమైనవి. అప్పటికి రైతు గుడ్లకు, ఎరువుకు, కూలీలకు డబ్బు పెట్టేసి వుంటాడు. తోటలోని ఆకంతా పురుగు పొట్టలోకి పోయి వుంటుంది. గూళ్లు మాత్రం రావు. నెల కష్టం నాలుగు రోజుల్లో బుగ్గి!

గాలి కోసం కిటికీలు బార్లా తెరుద్దామంటే మరో శత్రువు కాచుకుని వుంది. అది ఊజీ ఈగ. పట్టుపురుగు మీద గుడ్డు పెట్టి, దాన్ని తినేసే పరాన్నజీవి. 1980లో ఇది కర్ణాటకలో ప్రవేశించింది. దాన్ని ఆపాలంటే కిటికీలకు వల తప్పదు. వల వుంటే గాలి వేగం తగ్గుతుంది. కనుక షెడ్డును చల్లగా వుంచే భారమంతా కప్పు మీద పడుతుంది.

వేడి వచ్చే దారులు మూడు

మీ భౌతికశాస్త్ర పాఠం గుర్తు తెచ్చుకోండి. వేడి మూడు విధాలుగా ప్రయాణిస్తుంది: వహనం, సంవహనం, వికిరణం. కప్పు విషయంలో ఈ మూడూ ఒకేసారి పనిచేస్తాయి.

సూర్యుని వేడి వికిరణం ద్వారా కప్పును చేరుతుంది. మధ్యాహ్నం నిటారు ఎండలో ఒక చదరపు మీటరు మీద సుమారు 1000 వాట్ల శక్తి పడుతుంది. 50 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు గల షెడ్డు కప్పు వైశాల్యం 93 చదరపు మీటర్లు. అంటే వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టెలు 93 కప్పు మీద పెట్టి స్విచ్చి వేసినట్లు! ఆ వేడి కప్పు పదార్థం గుండా వహనం ద్వారా కిందికి దిగుతుంది. కాగిన కప్పు అడుగుభాగం నుంచి మళ్లీ వికిరణం ద్వారా పురుగుల తట్టల మీదకు చేరుతుంది. గోడల పక్కన వేడెక్కిన గాలి సంవహనం ద్వారా పైకి లేచి, పోయే దారి లేక షెడ్డులోనే నిలిచిపోతుంది.

కనుక మంచి కప్పుకు మూడు పనులు: ఎండను తిప్పికొట్టాలి, లోపలికి దిగే వేడిని నిదానించాలి, లోపలి వేడిగాలికి దారి ఇవ్వాలి.

పెద్దలు కట్టిన కప్పులు

ఈ సీమలో పాతకాలపు ఇళ్లను చూస్తే మూడు నాలుగు రకాల కప్పులు కనబడతాయి.

మొదటిది బోద కప్పు. కొండల మీద దొరికే బోదగడ్డిని కోసి, కట్టలు కట్టి దట్టంగా కప్పుతారు. గడ్డి పరకల మధ్య చిక్కుకున్న గాలి కదలలేదు. కదలని గాలి వేడిని మహా నిదానంగా పోనిస్తుంది. అందుకే బోద ఇల్లు ఎండలో చల్లగా, చలిలో వెచ్చగా వుంటుంది. కాని ఒక్క నిప్పురవ్వ చాలు, ఇల్లు బూడిద కావడానికి. పైగా కొన్నేళ్లకొకసారి మార్చాలి.

రెండోది పెంకుల కప్పు. పెంకుల సందుల నుంచి వేడిగాలి బయటకు పోతుంది. ఇదే దాని గొప్ప సుగుణం.

మూడోది రాయలసీమకు పేరు తెచ్చిన మట్టి మిద్దె. దూలాలు, వాటి మీద దంతెలు, ఆ పైన కట్టెలో బండలో పరిచి, సుమారు అడుగు మందాన మట్టి వేస్తారు. అన్నింటికీ పైన చౌడు మట్టి. పైరు పండని చౌడును ఇంటి మీద ఎందుకు పోశారు? చౌడులో సోడియం లవణాలు ఎక్కువ. సోడియం బంకమట్టి రేణువులను ఒకదాని నుంచి మరొకదాన్ని విడదీస్తుంది. విడిపోయిన సన్నని రేణువులు వాన పడగానే వుబ్బి, మట్టిలోని రంధ్రాలను మూసివేస్తాయి. నీరు దిగదు! చేనుకు శాపమైన గుణమే మిద్దెకు వరమైంది.

నాలుగోది బండల మిద్దె. కుప్పం నుంచి కోలారు, కృష్ణగిరి వరకు గ్రానైటు రాతి నేల. రాతిని పలకలుగా చీల్చి కప్పుగా పరుస్తారు. బలానికి సాటి లేదు. కాని రాయి వేడిని ఆపే వస్తువు కాదు.

అంకెలు ఏమంటున్నాయి?

ఒక పదార్థం గుండా వేడి ఎంత సులువుగా పోతుందో చెప్పే అంకెను ఉష్ణవాహకత అంటారు. మీటరు మందం గల పదార్థానికి అటూ ఇటూ ఒక డిగ్రీ తేడా వుంటే, ఒక చదరపు మీటరు గుండా ఎన్ని వాట్ల వేడి పోతుందో అదే ఆ అంకె. సుమారుగా చెప్పుకుంటే ఉక్కుకు 50, గ్రానైటుకు 2.5 పైన, కాంక్రీటుకు 1.5, ఇటుకకు 0.7, నీటికి 0.6, కర్రకు 0.15, గడ్డికప్పుకు 0.07, కొబ్బరిపీచుకు 0.05, థర్మోకోలుకు 0.035, కదలని గాలికి 0.025.

చివరి నుంచి చూడండి. గాలే అన్నిటికంటే గొప్ప ఉష్ణబంధకం! గడ్డి, పీచు, థర్మోకోలు చేసే పనల్లా గాలిని చిన్న చిన్న అరల్లో బంధించి వుంచటమే. థర్మోకోలులో 98 శాతం గాలే. నీటి అంకె గాలికి 24 రెట్లు. కనుక ఏ బంధకమైనా తడిసిందంటే, గాలి వుండవలసిన చోట నీరు చేరి, సగం పనికి రాకుండా పోతుంది. ఈ మాట మనకు మళ్లీ కావాలి.

ఇప్పుడొక చిన్న లెక్క. కాంక్రీటు అంకెను పీచు అంకెతో భాగిస్తే 30 వస్తుంది. అంటే 3 సెంటీమీటర్ల పీచుపొర చేసే పనికి 90 సెంటీమీటర్ల కాంక్రీటు కావాలన్నమాట.

పొర మందాన్ని మీటర్లలో తీసుకుని దాని వాహకతతో భాగిస్తే, అది వేడికి ఇచ్చే నిరోధం వస్తుంది. 12 సెం.మీ. కాంక్రీటు నిరోధం 0.08. కప్పు పైన, కింద అంటుకుని వుండే పలుచని గాలిపొరలకు మరో 0.2 కలపండి. మొత్తం 0.28. దీన్ని తలకిందులు చేస్తే 3.6 వస్తుంది. లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా వుంటే, చదరపు మీటరుకు 3.6 వాట్లు దిగుతాయని అర్థం. సిమెంటు రేకుకైతే ఇదే లెక్కన 4.5. మన దేశంలో నివాసగృహాల కోసం 2018లో రూపొందిన 'ఎకో నివాస్ సంహిత' కప్పుకు ఈ అంకె 1.2 మించరాదని చెప్పింది. రేకు కింద 3 సెం.మీ. పీచుపొర, మధ్యలో కాస్త గాలి సందు వదిలితే 1.2 లోపుకు దిగుతుంది. అంటే రేకు గుండా దిగే వేడిలో పావువంతు మాత్రమే!

మరి మట్టి మిద్దె? అడుగు మందానికి లెక్క వేస్తే సుమారు 1.4. సంహిత గీతను కొద్దిలో దాటిపోయింది. అయినా మిద్దె చల్లన ఎందుకు? ఇక్కడ మరో సూత్రం పనిచేస్తుంది. అంత మట్టి వేడెక్కాలంటే చాలాసేపు పడుతుంది. మధ్యాహ్నపు వేడి అడుగుకు చేరేసరికి సుమారు పది గంటలు గడిచి, బాగా బలహీనపడుతుంది. అప్పటికి రాత్రి చల్లగాలి వచ్చేస్తుంది. కాంక్రీటు కప్పులో ఈ ఆలస్యం మూడు నాలుగు గంటలే. అందుకే డాబా ఇంట్లో సాయంత్రమైనా సెగ తగ్గదు. మిద్దెకు లోపం లేకపోలేదు. ఒక చదరపు మీటరు మట్టి అర టన్నుకు దగ్గరగా తూగుతుంది. బలమైన దూలాలు, మందపు గోడలు కావాలి. పొడవాటి షెడ్డుకు ఆ ఖర్చు తలకు మించినది.

ఎంపిక: ఒక్కొక్కటిగా పరీక్షిద్దాం

వేడిని ఆపితే చాలదు. మరో ఐదు ప్రశ్నలు వేయాలి. తడిస్తే ఏమవుతుంది? నిప్పు అంటుకుంటుందా? ఎలుకలు, చెదలు పడతాయా? తయారు చేయడానికి, చివరకు పారవేయడానికి ప్రకృతి మీద ఎంత భారం? అన్నిటికీ మించి, లోపల వుండే ప్రాణికి హాని చేస్తుందా?

రాతినార రేకు: ఆస్‌బెస్టాస్‌నే తెలుగులో రాతినార అంటారు. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో ఒకప్పుడు దీన్ని తవ్వేవారు. దీని సన్నని పోగులు ఊపిరితో లోనికి పోతే, ఎన్నో ఏళ్ల తరువాత ఊపిరితిత్తుల జబ్బులు, కాన్సరు రావచ్చు. ఎన్నో దేశాలు దీన్ని నిషేధించాయి. పైగా పలుచని రేకు వేడిని ఆపదు కూడా. కొత్తగా కొనవద్దు. ఇప్పటికే కప్పు మీద వుంటే పగలగొట్టకూడదు, రంపంతో కోయకూడదు, పొడి చీపురుతో రుద్దకూడదు.

థర్మోకోలు: వేడిని ఆపడంలో మొనగాడు. తేలిక. తేమకు చెడదు. కాని పెట్రోలియం నుంచి పుట్టినది, నిప్పంటితే నల్లని పొగ కక్కుతుంది, పారవేస్తే మట్టిలో కలవదు.

నురుగు పలకలు: పాలియురేథేన్ నురుగు ఇంకా గొప్ప బంధకం. దాన్ని పొంగించడానికి ఒకప్పుడు వాడిన వాయువులు పైనున్న ఓజోను పొరను తినేశాయి. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందంతో ప్రపంచం మేలుకుంది. ఆ కోవకు చెందిన హెచ్.సి.ఎఫ్.సి.-141బి అనే వాయువు వాడకం మన దేశంలో 2020 జనవరి 1 నాటికి ముగిసింది. ఇల్లు చల్లబడాలని ఆకాశానికి చిల్లు పెట్టరాదని దీని పాఠం.

వేరుశనగ పొట్టు: ఇదైతే మన చేలలోనే గుట్టలుగా దొరుకుతుంది. దాదాపు ఉచితం. గాలి అరలూ వున్నాయి. పర్యావరణానికి మేలైనది. ఇదే సరైనదని మీరు చప్పట్లు కొట్టబోతున్నారా? ఆగండి! పొట్టుకు తేమ తగిలితే ఆస్పర్జిల్లస్ అనే బూజు పడుతుంది. ఆ జాతి బూజే చాకీ పురుగులకు రోగం తెస్తుంది. చాకీ గదిలో తేమ 90 శాతం! పైగా మిగిలిపోయిన గింజల కోసం ఎలుకలు చేరతాయి. మరో భవనానికి పొడిగా వుంచి వాడుకోవచ్చునేమో గాని, పట్టుపురుగు ఇంటికి మాత్రం పనికిరాదు.

కొబ్బరిపీచు: పీచులో లిగ్నిన్ అనే గట్టి పదార్థం ఎక్కువ. అందువల్ల మిగతా నారలకంటే నెమ్మదిగా కుళ్లుతుంది. కొబ్బరితోటల నుంచి వచ్చే మిగులు వస్తువు. చివరకు ఎరువులో కలిసిపోతుంది. నిప్పుకు, తడికి మాత్రం దూరంగా వుంచాలి.

ఇక్కడొక హెచ్చరిక. చెదలు పట్టకుండా పీచుకో వెదురుకో పురుగుమందు పూద్దామని ఎవరైనా అనవచ్చు. పట్టుపురుగూ పురుగే కదా! చెదలను చంపే మందు దాన్ని వదిలిపెడుతుందా? మందు చల్లిన ఆకు కొరికినా, మందు ఆవిరి సోకినా అది బతకదు. మిగతా ఇళ్లకు 'పర్యావరణానికి మేలైన బంధకం' ఒక మంచి ఆదర్శం. ఈ ఇంటికి అది ప్రాణావసరం.

అయితే ఏం చేద్దాం?

మొదటి మెట్టు నీడ. వేడి లోపలికి వచ్చాక ఆపడం కంటే రాకముందే ఆపడం తేలిక. షెడ్డు పొడవు తూర్పు పడమరలుగా వుంటే, పొద్దుటి ఎండా సాయంత్రపు ఎండా చిన్న గోడల మీదే పడతాయి. కప్పుకు అడుగు ఎత్తున కొబ్బరాకు పందిరి వేస్తే, పందిరికీ కప్పుకూ మధ్య గాలి పారుతూ వేడిని మోసుకుపోతుంది. పందిరి దగ్గర పొయ్యి మాత్రం వుండరాదు.

రెండో మెట్టు సున్నం. తెల్లని సున్నపు పూత ఎండలో ఎక్కువ భాగాన్ని తిప్పికొడుతుంది. మాసిన సిమెంటు కప్పు ఎక్కువ భాగాన్ని పీల్చుకుంటుంది. పూసిన తడి సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును తీసుకుని మళ్లీ సున్నపురాయిగా గట్టిపడుతుంది. పురుగులకు హాని లేదు. పట్టుపురుగుల తట్టల్లో తేమ తగ్గించడానికి రైతులు సున్నపు పొడి చల్లడం మామూలే. తెల్లకప్పుల విలువ గుర్తించి తెలంగాణ ప్రభుత్వం 2023లో 'కూల్ రూఫ్' విధానాన్నే ప్రకటించింది.

మూడో మెట్టు లోపలి పైకప్పు. కొత్తగా కట్టే షెడ్డుకు పెంకులు మేలు. పెంకుల కింద వెదురు తడకలు కట్టి, వాటి మీద 3 సెం.మీ. పీచు పరుపు పరవాలి. పెంకు పగిలితే వెంటనే మార్చాలి. పీచు తడవకూడదని ముందే అనుకున్నాం కదా!

నాలుగో మెట్టు గాలి. గోడ అడుగున చల్లగాలి వచ్చే కంతలు, పైన వేడిగాలి పోయే కంతలు, అన్నింటికీ ఊజీ ఈగను ఆపే వల. పురుగులు ఊపిరి పీల్చుకోవాలి, ఆకు చెత్త నుంచి పుట్టే చెడు వాయువులు పోవాలి. షెడ్డును బిగించి మూస్తే బంధకం చేసిన మేలంతా వృథా.

ఇక గోనెపట్టాలు వద్దా? వాటి పనీ వాటికుంది. నీరు ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది. కాని ఎండాకాలంలోనే కదా బావిలో నీరు అడుగంటేది! నాలుగు మెట్లూ ఎక్కిన షెడ్డుకు బిందెలు తక్కువ చాలు. డిసెంబరు చలిలో మరో లాభం వుంది. అప్పుడు పురుగులకు వెచ్చదనం కోసం కుంపట్లు పెడతారు. పీచుపొర లోపలి వేడిని బయటకు పోనివ్వదు. బొగ్గు మిగులుతుంది, పొగ తగ్గుతుంది.

మీరే చేసి చూడండి

ఒకే కొలత గల మూత డబ్బాలు నాలుగు తీసుకోండి. ఒకదాన్ని వుత్తగా వదిలేయండి. రెండోదానికి పొడి కొబ్బరిపీచు, మూడోదానికి అంతే మందాన తడి పీచు, నాలుగోదానికి గుడ్డసంచిలో పోసిన వేరుశనగ పొట్టు చుట్టండి. పెద్దల సాయంతో నాలుగింటిలోనూ సమానంగా వేడినీరు పోసి, అయిదు నిమిషాలకొకసారి థర్మామీటరుతో వేడి చూసి రాసుకోండి. అరగంట తరువాత గ్రాఫు గీయండి. పొడి పీచు, తడి పీచు గీతల మధ్య తేడా చూస్తే, పగిలిన పెంకును వెంటనే ఎందుకు మార్చాలో మీకే తెలుస్తుంది.

ఆ తరువాత ఇంకో పని చేయండి. మీ తరగతి గదిలో, మీ ఇంట్లో మధ్యాహ్నం మూడు గంటలకు ఎన్ని డిగ్రీలు వుందో వారం రోజులు రాసుకోండి. పట్టుపురుగుకు 25 డిగ్రీలు కావాలని ఇంటిల్లిపాదీ నీళ్లు మోస్తారు. ఎండాకాలం రేకు కింద పరీక్షకు చదువుకునే పిల్లలకు, మంచం పట్టిన అవ్వకు ఎన్ని డిగ్రీలు కావాలో ఎవరైనా లెక్క వేశారా? ఆ అవ్వ కూడా చెట్టు కిందకు పోలేదు కదా! సున్నానికీ కొబ్బరాకు పందిరికీ అయ్యే ఖర్చు తక్కువ. షెడ్డుకు నేర్చిన విద్యను ఈ సెలవుల్లో మీ ఇంటి కప్పు మీదకు కూడా ఎక్కించండి.